ఐదో గిటారు ఎవరిది?

పోయిన వారం ఈరప్ప పందెం కట్టాడని చెప్పి, ఆ పందెం ఏమిటో చెప్పకుండా ఆపేశాను. దానికి మా ఇంట్లోనే నాకు శిక్ష పడింది. "చెప్పేదేదో చెప్పేయొచ్చు గదా, మనుషుల్ని వారం దినాలు ఉగ్గబట్టుకుని కూర్చోబెట్టడం ఏం పుణ్యం?" అని మా ఆవిడ నా కాఫీలో చక్కెర కూడా వేయలేదు. కాబట్టి ఈసారి నాన్చను.

ఈరప్పది వజ్రకరూరు పక్కన పల్లె. అరవై దాటాయి. పుట్టింది మొదలు గొర్రెలే లోకం. ఆయన కొడుకు ఓబులేష్ మూడేళ్ళ కింద ఇల్లు వదిలి అనంతపురం వచ్చి, విష్ణువర్ధన్ కాసెట్ల అంగట్లో పని చేస్తూ ఆయన దగ్గరే గిటారు నేర్చుకుంటున్నాడు. పెళ్ళిళ్ళ సీజన్లో ఆర్కెస్ట్రాలో వాయిస్తాడు. విష్ణువర్ధన్ మాత్రం చేతి నరం పోయిందని గిటారు ముట్టడు, నోటితోనే నేర్పుతాడు. ఈ ఏడు, అంటే రెండువేల సంవత్సరంలో, చెనక్కాయ పంట పూత మీదుండగానే వాన మొహం చాటేసింది. గడ్డిపోచ లేదు. మంద రేపు తెల్లారి తుంగభద్ర కాలువల కిందికి వలస పోవాలి. వరి కోసిన మళ్ళలో మేపుకుంటూ జూన్ దాకా అక్కడే. ఈరప్పకు మోకాళ్ళు పోయాయి. నూట ఇరవై గొర్రెల్ని ఒక్కడే దాటించలేడు. అందుకని కొడుకును తీసుకుపోవడానికి వచ్చాడు. వాడు రానన్నాడు. అంగట్లో తండ్రీ కొడుకులు గొంతులు లేపుకున్నారు. అప్పుడే విష్ణువర్ధన్ మధ్యలో దూరి పందెం పెట్టాడు.

"ఈరప్పన్నా, ఆరుమంది వాయించింది వినిపిస్తా. అందులో ఒకడు నీ కొడుకు. ఎవరు ఎవరని ముందు చెప్పను. ఇంతమందిలో నీ కొడుకెవరో నీకు తెలిసిపోయిందంటే, వానికి సొంత గొంతు వచ్చినట్లే. వాన్ని ఈడనే ఇడ్సిపెట్టు. తెలీకపోతే రేపు నీ ఎంబడి తీసుకుపో."

ఇదొక పిచ్చి పందెం. నా మాట కాదు, ఓబులేష్ మాట. "నాయనకు నన్ను తీసుకుపోవల్లని ఉండాది. తెలిసినా తెలీదంటాడు. అయిపాయ!" అని గురువు చెవిలో గొణిగాడు. విష్ణువర్ధన్ నవ్వాడు. గొర్రెల కాపరి ఏ విషయంలోనైనా అబద్ధమాడతాడు గానీ తన చెవి మీద మాత్రం మచ్చ పడనివ్వడని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఎంతవరకు నిలబడిందో మీరే చూడండి.

విష్ణువర్ధన్ ఇనుప కుర్చీని కౌంటరు మీంచి ఎత్తి ఇవతలికి వేశాడు. ఈరప్ప దాని మీద కూర్చోలేదు. కింద చతికిలబడి, గొర్రె బొచ్చు కంబడిని మోకాళ్ళ మీద కప్పుకుని, కళ్ళు మూసుకున్నాడు. 

"ఏమప్పా, ఏయి."

మొదటిది మొదలయింది. గిటారు తీగల మీద వేళ్ళు పరుగు తీశాయి. మధ్యాహ్నం పూట సప్తగిరి సర్కిల్ దగ్గర ఆటోల రొద అంతా ఆ పరుగు కిందికి పోయింది. ఈరప్ప కళ్ళు తెరవకుండానే చిన్నగా తలాడించాడు.

"రాళ్ళగుట్ట మీంచి మేకలు దిగుతాండాయి. ఇన్ని కాళ్ళు! ఒగటన్నా జారల్ల గదా? ఒగటీ జారలే. వీడు నా కొడుకు కాదు. నా కొడుకైతే ఈపాటికి పడింటాడు."

ఓబులేష్ మొహం ముడుచుకున్నా, నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఆయన పాకో డి లూసియా నాయనా. స్పెయిన్ దేశం. వాళ్ళ నాయన చిన్నప్పుడే గిటారు చేతికిచ్చి దినమంతా సాధకం చేయించినాడంట."

"నాయనే చేయించినాడా?" ఈరప్ప ఒక కన్ను తెరిచాడు. కొడుకు వైపు అనుమానంగా చూశాడు. ఈ మాట నా కోసం కల్పించలేదు గదా అని ఆ చూపు. మళ్ళీ కన్ను మూసుకుని, "ఆ నాయనకు పనీ పాటా లేనట్లుండాది," అన్నాడు.

రెండోది పూర్తిగా వేరు. ఒక్క స్వరం. అది వణుకుతూ నిలబడింది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. కాసెట్ ఆగిపోయిందేమోనని నేనైతే లేచి చూసేవాణ్ణి. ఈరప్ప మాత్రం కదల్లేదు. ఇంకో స్వరం వచ్చినప్పుడు "ఊఁ" అన్నాడు, ఎదుటి మనిషి మాటకు ఊకొట్టినట్టు.

"ఈయన పెద్ద మనిషి. ఒగ మాట అంటాడు, జవాబు కోసం చూస్తాడు. మన జవాబు విన్నాకనే ఇంగోటి అంటాడు. ఈ కాలంలో అట్ల మాట్లాడేవాళ్ళు యాడుండారప్పా?"

"బి.బి. కింగ్ అని అమెరికా నల్లాయన," అన్నాడు విష్ణువర్ధన్. "చిన్నతనంలో పత్తి ఏరినాడు. నాలుగు తీగలు కలిపి మీటడం నాకు రాదని ఆయనే చెప్పుకుంటాడు. ఆ ఒక్క తీగతోనే లోకాన్నంతా ఏడిపించినాడు. ఒగసారి ఆయన వాయిస్తాండే చోట నిప్పంటుకుంటే, బయటికి పరిగెత్తినోడు మళ్ళా లోపలికి పోయినాడు, గిటారు తెచ్చుకునేదానికి."

"మంటల్లోకా?"

"మంటల్లోకే."

ఏ ఏడాదో గుడిసె అంటుకుంటే గొర్రెపిల్లల కోసం తాను దూరిన సంగతి గుర్తొచ్చిందో ఏమో, ఈరప్ప మోచేతి మీది పాత మచ్చను బొటనవేలితో రుద్దుకున్నాడు. ఓబులేష్ అది చూశాడు. మూడేళ్ళలో తొలిసారి, తాను చేసే పని గురించి నాయనకు ఏదో కొంచెం అర్థమవుతోందని వాడికి అనిపించింది. ఆశ పుట్టింది. ఆశతో పాటే భయమూ పుట్టింది.

మూడోదానికి ఈరప్ప రెండు చెవులూ మూసుకున్నాడు. 

"ఆపు, ఆపప్పా! మా ఊరి జాతరలో మైకు సెట్టు ఇట్ల కూతేస్తే మైకాయన్ని పట్టుకుని కొడ్తారు."

"ఆ కూతనే ఆయన పాట చేసినాడు నాయనా!" ఓబులేష్ ఉండబట్టలేక ముందుకు వంగాడు. "జిమి హెండ్రిక్స్. ఎడమచేతి వాటం. కుడిచేతి వాళ్ళ గిటారునే తలకిందులు తిప్పి పట్టుకుని వాయించినాడు. అందరూ తప్పు అనేదాన్ని ఆయన వదల్లేదు. ఎంత దూరంలో నిలబడితే ఎట్ల కూస్తాదో చూసుకుని, దాన్ని చెప్పినట్లు వినేట్ల చేసుకున్నాడు."

ఈరప్ప చేతులు కిందికి దించాడు. కొంచెం ఆలోచించి, "అట్లనా? ఇంగోసారి ఏయి," అన్నాడు. రెండోసారి చెవులు మూసుకోలేదు గానీ, అయ్యాక మాత్రం, "మాలిమి చేసినాడు, సరే. ఇంట్లో మాత్రం కట్టేసుకోలేను," అని తేల్చేశాడు.

నాలుగోది గంతులు వేస్తూ వచ్చింది. జాంగో రైన్‌హార్ట్ అని పాతకాలపు వాద్యగాడు. జాజ్ బాణీ. ఎడమచేతి రెండు వేళ్ళు నిప్పులో కాలి ముడుచుకుపోతే, మిగిలిన రెండింటితోనే ఆ పరుగంతా పరిగెత్తాడని విష్ణువర్ధన్ చెప్పాడు. మామూలుగా ఇది విన్నవాళ్ళు అయ్యో అంటారు. ఈరప్ప అనలేదు.

"కుంటి గొర్రె ఎప్పుడూ మంద ముందర నడుస్తాది, చూసినావా? ఎనకబడితే తోడేలు పడ్తాదని దానికి తెలుసు. కాళ్ళు సరింగా ఉండే గొర్రెలే ఆడొగటి ఈడొగటి నిలబడి దిక్కులు చూస్తాంటాయి."

విష్ణువర్ధన్ ఆ మాటకు పక్కకు తిరిగి కాసెట్ల అర సర్దడం మొదలుపెట్టాడు. అది సర్దే ఉంది. ఆయన ఇరవై ఏళ్ళుగా గిటారు వాద్యం విని, పోల్చి, చర్చించి, పత్రికలు తెప్పించుకుని చదివిన మనిషి. ఈ కంబడి మనిషి ఒక్క పూటలో ఆ నలుగురి గుట్టూ పట్టేసినట్టు మాట్లాడుతున్నాడు. ఎంత వేగం, ఎంత కష్టం అన్నది ఈయనకు పట్టలేదు. వాయించేవాడు ఎలాంటి మనిషి అన్నదొక్కటే పట్టింది. అది తెలిసేసరికి విష్ణువర్ధన్‌కు చెమట పట్టింది.

ఎందుకంటే తర్వాతది ఐదోది. ఆర్మాండో సిల్వా.

ఓబులేష్‌కు దేవుడంటే ఆయనే. బ్రెజిల్ దేశస్థుడు, ఎక్కడా ఫోటో దొరకదు, ఒక్క కాసెట్టే చేశాడు, అది ఒక ఓడ పనివాడి ద్వారా మద్రాసు వచ్చి అక్కణ్ణుంచి ఇక్కడికి చేరింది. విష్ణువర్ధన్ చెప్పిన కథ ఇది. మూడేళ్ళుగా ఓబులేష్ ఆ ఒక్క కాసెట్టే అరగదీశాడు. పందెంలో విష్ణువర్ధన్ దీన్ని వద్దనే అన్నాడు. "సిల్వా లేకుండా గిటారేందన్నా?" అని ఓబులేష్ పట్టుబడితే ఒప్పుకున్నాడు.

ముక్క మొదలైంది. నెమ్మదిగా, ఎవరో ఇంటి ముందర నిలబడి పిలవాలా వద్దా అని తటపటాయించినట్టు మొదలై, ఉన్నట్టుండి పైకి లేచింది. ఈరప్ప తల పక్కకు వంచాడు. నుదురు ముడిపడింది. సగంలో కరెంటు పోయింది. గిటారు గొంతు లావై, సాగి, చచ్చిపోయింది.

"ఛ!" అన్నాడు ఓబులేష్.

"రానీ. నాకేం తొందర లేదు," అన్నాడు ఈరప్ప. అరగంట కూర్చున్నారు. పక్క హోటల్ నుంచి టీ వచ్చింది. అంత సన్నటి నల్ల పట్టీలో గొంతు ఎట్ల కూర్చుంటాదని ఈరప్ప అడిగాడు. చెరిపేస్తే ఆ గొంతు యాడికి పోతాదని అడిగాడు. వాయించేవాడు దగ్గితే ఆ దగ్గు కూడా అందులో ఉంటాదా అని అడిగాడు. 

"అన్నీ ఉంటాయి నాయనా. మైకు ముందర ఏది జరిగితే అది."

"ఊపిరి కూడానా?"

"ఊపిరి కూడా." 

విష్ణువర్ధన్ గ్లాసులో టీ చల్లారిపోయింది. ఆయన తాగలేదు.

కరెంటు వచ్చింది. ఈరప్ప ఐదోది మొదటి నుంచి వేయించుకుని పూర్తిగా విన్నాడు. ఏమీ అనలేదు. మిగతా నాలుగింటికీ ఏదో ఒకటి అన్న మనిషి, దీనికి చెయ్యి ఊపి "ఆరోది ఏయి" అని మాత్రం అన్నాడు. ఆరోది ఓబులేష్‌దే. గత నెల ఇదే అంగట్లో, షట్టరు దించేసి రికార్డు చేసింది. ఆ నాలుగు నిమిషాలూ వాడు తండ్రి మొహం నుంచి చూపు తిప్పలేదు. గుర్తుపడితే ఇక్కడ ఉండిపోతాడు. లేదంటే రేపీపాటికి గొర్రెల వెనక ఉరవకొండ దారిలో ఉంటాడు.

ముక్క అయిపోయింది. టేపు గరగరమంది. ఈరప్ప కళ్ళు తెరిచాడు.

"గొర్రెపిల్లల దొడ్డి తెలుసు గదా నీకు?" అన్నాడు విష్ణువర్ధన్‌తో. "సందకాడ మంద తిరిగొస్తానే పిల్లల్ని వదుల్తాం. అన్నీ ఒగటే అరుపు. ఏ పిల్ల ఏ తల్లిదో కలపల్ల. ముప్పై ఏండ్లు చేసినా ఆ పని. పిల్ల అరుపులో తల్లి అరుపు ఉంటాదప్పా. ఎంత దాచినా ఉంటాది. ఈ ఐదోది తల్లి. ఆరోది దాని పిల్ల."

ఓబులేష్ మొహం వెలిగిపోయింది. సిల్వా పిల్లనా నేను! వాడికి అంతకంటే పెద్ద బిరుదు లేదు. "అంటే నాయనా, ఆరోది..."

"నువ్వే. దాచేదేముండాది? పందెం నువ్వే గెలిచినావు."

వాడు ఎగిరి గంతేయబోయాడు. ఈరప్ప చెయ్యెత్తి ఆపాడు.

"ఆ ఐదోది ఉండాదే, పైకి లేచే ముందర, వాయించేవాడు పండ్ల సందులోంచి గాలి పీలుస్తాడు. ఇస్స్ అని. రెండుసార్లు విన్నా. నీ దాంట్లో నువ్వూ పైకి లేచే ముందర, సరింగా ఆడనే పీల్చినావు. నీకు చిన్నప్పుడు ఆ అలవాటు లేదు రా. పోయినేడు ఊరికొచ్చినప్పుడు దూలం ఎత్తుతా ఇట్లనే పీలిస్తే, వీనికి ఇదెక్కడ అంటుకుండాదబ్బా అనుకున్నా. ఈ పొద్దు తెలిసింది." ఆయన విష్ణువర్ధన్ వైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు, ఉత్త కుతూహలమే. "నాకు కుర్చీ ఎత్తి ఏసినావే, అప్పుడు నువ్వూ అట్లనే పీల్చినావప్పా. ఆ ఐదో ఆయన నువ్వు గదా?"

ఓబులేష్ పక్కున నవ్వాడు. "నాయనా, ఆయన బ్రెజిల్ దేశం! అన్నకు చేతి నరం పోయింది, గిటారే ముట్టడు..." అంటూ గురువు వైపు చూశాడు. నవ్వు అక్కడే ఆగిపోయింది.

విష్ణువర్ధన్ టేపు ఆపాడు. 

"ఎనభై రెండులో," అన్నాడు, "బెంగుళూరు స్టూడియోలో కాళ్ళూ గడ్డం పట్టుకుని రెండు గంటలు అడుక్కుని వాయించినా. కాసెట్ మీద మా ఊరి పేరు కలిపి ఉరవకొండ విష్ణువర్ధన్ అని రాసి ఈడికి తెచ్చినా. అంగడికి వచ్చినోళ్ళందరికీ వినిపించినా. నాలుగు నిమిషాలు నిలబడి విన్నోడు లేడు. 'మన విష్ణుగాడే గదా' అని సినిమా పాటలు అడిగి పోయినారు. ఒగ దినం కాలేజీ పిల్లోడు ఎవరిదన్నా ఇది అంటే, కడుపుమంటతో బ్రెజిల్ ఆయనదని నోటికొచ్చిన పేరు చెప్పినా. వాడు కదలకుండా నలభై నిమిషాలు విన్నాడు. కండ్లల్ల నీళ్ళు పెట్టుకున్నాడు."

"చెయ్యి నరం?" అన్నాడు ఓబులేష్.

"నరానికేం కాలే. జనం సిల్వాను అంత మెచ్చుకుంటాంటే, ఆయనంత బాగా నేను మళ్ళా వాయించలేనేమోనని భయం పట్టుకున్నాది. అంతే, ముట్టలే."

"మూడేండ్లు నాకు అబద్ధం చెప్పినావన్నా! నీ కాళ్ళ కాడ కూర్చుని, నీ ముందరే ఆయన్ని దేవుడంటి. నీకు నవ్వొచ్చిందా?"

"ఒగ మాట అడుగుతా, నిజం చెప్పు." విష్ణువర్ధన్ మొహం ఎర్రబడింది. సిగ్గో, పౌరుషమో, రెండూనో. "ఇది ఉరవకొండ వాడు వాయించినాడని మొదటి దినమే చెప్పింటే, మూడేండ్లు వినింటావా?"

విని ఉండేవాణ్ణి కాదని ఓబులేష్‌కు తెలుసు. మొదటి రోజు అంగట్లో అడుగుపెట్టినప్పుడు వాడు అడిగింది కూడా, "ఫారిన్ వాళ్ళవి ఏమన్నా ఉండాయా?" అనే. ఈ తప్పులో తన వాటా తనకు కనబడేసరికి కోపం నిలవలేకపోయింది, దాని జాగాలో మహా చెడ్డ సిగ్గు వచ్చి కూర్చుంది.

ఈరప్ప కంబడి దులిపి భుజాన వేసుకున్నాడు. మోకాలు పట్టుకుని లేచాడు. ఈ గొడవంతా ఆయనకు సగమే అర్థమైంది. అయినా మాట ఇచ్చినవాడు మాట తప్పకూడదు.

"సరే రా. పందెం పందెమే. నేను గుర్తుపట్టినా, నువ్వు ఈడనే ఉండు. మంద సంగతి నేను చూసుకుంటా. పక్కింటి బసప్ప కొడుకును బతిమాలుకుంటా."

"లేదు నాయనా."

"ఏం లేదు?"

"నువ్వు గుర్తుపట్టింది నన్ను కాదు. ఈయన్ని." ఓబులేష్ కళ్ళు నేల మీదే ఉన్నాయి. "నా ఊపిరి కూడా నాది కాలే. నేను యాడుండా ఆ ముక్కలో? పందెం ఓడిపోయినా నేను. రేపు మంద ఎన్ని గంటలకు లేస్తాది?"

ఈ మాట కోసం ఈరప్ప మూడేళ్ళు ఎదురుచూశాడు. తీరా విన్నాక, కొడుకు మొహమే చూస్తూ నిలబడ్డాడు. వాడి భుజాలు అంతగా వాలిపోవడం ఆయన ఎప్పుడూ చూడలేదు. "కోడి కూసే యాళకు," అన్నాడు చివరికి, ఏమాత్రం సంతోషం లేకుండా.

ఓబులేష్ గిటారును కౌంటరు మీద పెట్టాడు. విష్ణువర్ధన్ కాళ్ళకు దండం పెట్టాలా వద్దా అని ఒక్క క్షణం తచ్చాడి, పెట్టకుండానే బయటికి నడిచాడు. ఈరప్ప వెనకే కుంటుతూ మెట్లు దిగాడు. రోడ్డు మీద నాలుగడుగులు వేశారో లేదో, వెనక అంగట్లోంచి గిటారు మోగింది. కాసెట్ కాదు. శ్రుతి సరిచేసుకుంటూ, తడబడుతూ, ఒక స్వరం తప్పి మళ్ళీ దాన్నే పట్టుకుంటూ విష్ణువర్ధన్ వాయిస్తున్నాడు.

ఓబులేష్ వెనక్కి తిరగలేదు. "పద నాయనా," అన్నాడు.

ఈరప్ప కదల్లేదు. కొడుకు మణికట్టు పట్టుకుని, తల పక్కకు వంచి, ఆటోల రొదలో ఆ చప్పుడునే వెతుక్కుంటూ విన్నాడు.

"కొంచెం నిలబడు రా," అన్నాడు. "ఇది ఆ ఐదో ఆయన కాదు. ఈ మనిషిని నేను ఇంతవరకు వినలే."